అరికాలు నేల మోపలేని వాళ్ల కోసం

శ్రోతలకు నమస్కారం.

నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు ఇంట్లో నడవడు. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా మోకాళ్ల మీద పాకుతాడు. మడమల దగ్గర, వేళ్ల మొదట్లో చర్మం పసుపుపచ్చగా, చెక్కలా గట్టిపడి ఉంటుంది. గోళ్లూ మందమే. వాళ్ల నాన్నవీ, నాయనమ్మవీ అవే పాదాలు. "మా ఇంటి ఆనెలండీ" అంటుంది వాళ్లమ్మ.

ఇవి చెప్పు ఒరుసుకుని వచ్చే ఆనెకాయలు కావు. దీని పేరు పాకియోనికియా కంజెనిటా. చర్మానికి బలాన్నిచ్చే కెరటిన్‌ను తయారుచేసే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా కణాలు చిట్లుతాయి, చర్మం ఇంకా మందమవుతుంది. ఆ మందం కింద నీటిపొక్కులు లేస్తాయి. అందుకే అంత సలుపు. బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడని దయచేసి అనకండి. ఇది కుష్ఠు కాదు, అంటుకోదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. దీనికి మేనరికంతో పని లేదు.

పూర్తిగా నయంచేసే మందు ఇంకా రాలేదు. నొప్పి మాత్రం తగ్గించుకోవచ్చు. రాత్రి పావుగంట గోరువెచ్చని నీళ్లలో పాదాలు నానబెట్టండి. చర్మం తెల్లగా ఉబ్బి మెత్తబడ్డాక, కాళ్లు రుద్దే రాయితో నెమ్మదిగా రుద్దండి. ఎంతవరకు? బొటనవేలితో నొక్కితే కాస్త లొంగేదాకా, అంతే. గులాబీరంగు తేలేలా తీసేస్తే మర్నాడు అసలు నడవలేరు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. బ్లేడు డాక్టరు చేతిలోనే ఉండాలి, షుగరున్నవాళ్లకు మరీనూ.

తర్వాత వేళ్ల సందులు తుడిచి యూరియా క్రీమ్ రాయండి. పగుళ్ల మీద అది మండుతుంది, అక్కడ వాజెలిన్ చాలు. గట్టిపడ్డ చర్మాన్ని కరిగించే శాలిసిలిక్ యాసిడ్ మందులు పసిపిల్లలకు వాడొద్దు. దుర్వాసన, దురద మొదలైతే ఫంగస్ చేరిందేమో చూపించుకోండి. చర్మం మందాన్ని తగ్గించే అసిట్రెటిన్ మాత్రలు కొందరికి పనిచేస్తాయి, కొందరికి నొప్పి పెంచుతాయి. వాడే ఆడవాళ్లు, ఆపిన తర్వాత కూడా 3 ఏళ్లదాకా గర్భం దాల్చకూడదు.

చెప్పుల సంగతి. షుగరు పేషెంట్లకిచ్చే ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులు వీళ్లకీ బాగుంటాయి. ఆ కుర్రాడికి అవే ఇప్పించాం. ప్రార్థన వేళ నిలబడక్కర్లేదని వాళ్ల టీచరమ్మ వెనక వరసలో ఒక స్టూలు వేయించింది. ఈ నెలలో ఒక్కరోజు కూడా బడి మానలేదట.