పాత పత్రిక కొనేముందు ప్రకటనల పేజీలు చూడండి

నమస్కారం. పాత సాహిత్య పత్రికలు సేకరించేవారు సంచిక చేతికి రాగానే విషయసూచిక తిరగేసి, అందులో పేరున్న రచయితలు ఎవరెవరున్నారో వెతుక్కుంటారు. నేనైతే ముందుగా ప్రకటనల పేజీలు ఉన్నాయో లేదో చూడమంటాను. పేరున్నవారి కథలూ పద్యాలూ ఏదో ఒక సంపుటిలో దొరుకుతాయి గాని, ప్రకటనలను తిరిగి అచ్చువేసేవారు ఉండరు.

1924 జనవరిలో ‘భారతి’ మాసపత్రికను ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం అధిపతి. 1928లో మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ని వెలువరించిన కె.ఎన్. కేసరిగారు లోధ్ర అనే మందుతో పేరుపొందిన ఆయుర్వేద వైద్యులు. ఆనాటి సాహిత్యానికి అండగా నిలిచిన సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే వ్యాసాలతోపాటు మందుల ప్రకటనలు కూడా చదవవలసిందే.

అయితే గ్రంథాలయాల కోసం కొన్ని నెలల సంచికలను కలిపి కుట్టేటప్పుడు, అట్టలనూ ప్రకటనలనూ తీసివేసి, అంచులు సమంగా కోసివేయడం బైండర్లకు మామూలు. అందుకే చూడముచ్చటైన బైండు సంపుటం కన్నా, నలిగినా సరే, అట్టతో సహా మిగిలిన విడి సంచికకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

వారపత్రికల కథ వేరు. సీరియల్ పేజీలను వారం వారం చింపి దాచుకుని, నవల పూర్తయ్యాక కుట్టించుకోవడం ఒకప్పుడు తెలుగు ఇళ్లలో బాగా ఉన్న అలవాటు కనుక, ఇప్పుడు మనకు సీరియల్ లేని పత్రికలూ, పత్రిక లేని సీరియళ్లూ దొరుకుతుంటాయి. ఆ కుట్టు పుస్తకాలను చిన్నచూపు చూడకండి. తరువాత వచ్చిన నవలలో చేరని బాపు బొమ్మలు వాటిలో ఉండవచ్చు. పేజీ వెనుకవైపున ప్రశ్న మాత్రమే మిగిలి జవాబు తెగిపోయిన శీర్షికలూ కనిపిస్తాయి (అవి చదువుతూ కూర్చుంటే అసలు నవల పక్కకు పోతుంది, అది వేరే సంగతి).

అట్ట పోయిన సంచిక కాలాన్ని నిర్ణయించేటప్పుడు తెలుగు సంవత్సర నామాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. రక్తాక్షి 1924లోనూ వచ్చింది, 1984లోనూ వచ్చింది. 1991 వరకు నడిచిన ‘భారతి’ ఆ రెంటినీ చూసింది. పైగా ఉగాదికి ముందు నెలలకు పాత నామమే చెల్లుతుంది కనుక, ‘భారతి’ మొదటి సంచిక వెలువడిన నాటికి నడుస్తున్నది రుధిరోద్గారి. సంపుటం, సంచిక సంఖ్యలు కూడా సరిచూసుకున్న తరువాతే సంవత్సరం రాసుకోండి.

ఇక భద్రపరచడం. న్యూస్‌ప్రింటులో మిగిలిపోయే లిగ్నిన్ అనే కలప పదార్థం వెలుతురుకూ గాలికీ పసుపెక్కి, కాగితాన్ని పెళుసుగా మారుస్తుంది. చిరుగులకు సెల్లోటేపు అంటించవద్దు. ఆ బంక కాగితంలోకి ఇంకి, మళ్లీ పోని మచ్చను మిగులుస్తుంది. తుప్పుపట్టిన పిన్నులను లాగివేయకుండా, లోపలివైపు మడిచిన వాటి కాళ్లను మెల్లగా పైకెత్తి తీసి, అవే రంధ్రాల గుండా తెల్లని నూలు దారంతో వదులుగా కుట్టుకోండి.