పాత చందమామలు ఇప్పుడు అమ్మాలా, ఆగాలా?

(ఆదివారం ఉదయం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. కాలర్ల పేర్లు తీసేసి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాం.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఈ వారం విషయం పాత బొమ్మల పుస్తకాలు. చందమామ, బాలమిత్ర, అమర్ చిత్ర కథ, ఇంద్రజాల్ కామిక్స్ లాంటివి కొనడం, అమ్మడం. ప్లాట్లు కదలడం లేదు, దుకాణాల్లో గిరాకీ లేదు, దాంతో చాలామంది సజ్జ మీది పాత పెట్టెలు దించుతున్నారు. నల్లగొండలో ముప్పై ఏళ్లుగా ఇవి సేకరిస్తున్న రిటైర్డ్ హెడ్మాస్టరు గారు మనతో ఉన్నారు. సార్, నమస్తే.

అతిథి: నమస్తేనమ్మా. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఫోన్లో రేటు అడగొద్దు. పుస్తకం చూడకుండా రేటు చెప్పేవాడు దేవుడన్నా అయ్యుండాలి, దొంగన్నా అయ్యుండాలి. నేను రెండూ కాదు.

యాంకర్: (నవ్వుతూ) మొదటి కాలర్ మిర్యాలగూడ నుంచి.

కాలర్ (మిర్యాలగూడ): సార్, మా ఇంట్లో 1960ల చందమామలు ముప్పై దాకా ఉన్నాయి. అట్టలు చిరిగిపోతే సెల్లోటేప్ వేశాను, నీట్‌గా కనబడాలని. ఇంకా పది మిగిలాయి...

అతిథి: ఆగండాగండి. ఆ పదింటినీ ముట్టుకోకండి. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపు తిరిగి కాగితంలోకి దిగుతుంది. టేపు ఊడినా మరక పోదు. చిరిగిన అట్ట చిరిగినట్టే ఉంటే కొనేవాడు కొంటాడు. టేపు వేసింది చూస్తే పక్కన పెడతాడు.

కాలర్: మరి వేసింది పీకేయనా సార్?

అతిథి: వద్దు! బొమ్మ కూడా లేచి వస్తుంది. అలా వదిలేయండి. లామినేషన్ ఆలోచన కూడా ఉంటే మానుకోండి.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాత కల్వకుర్తి నుంచి.

కాలర్ (కల్వకుర్తి): హలో... హలో, వినబడుతోందా?

యాంకర్: వినబడుతోంది, మాట్లాడండి.

కాలర్: నమస్తే సార్. మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా నాయన బడి పంతులు. జీతం చేతికొస్తే ముందు చందమామ, ఆ తర్వాతే ఉప్పూ పప్పూ. మా అమ్మ తిట్టని నెల లేదు. నాయన పోయి నాలుగేళ్లయింది. నేను రియల్ ఎస్టేట్ చేస్తాను సార్. అంటే చేసేవాణ్ణి. శ్రీశైలం రోడ్డు మీద వెంచర్లలో ప్లాట్లు ఇప్పించేవాణ్ణి. ఏడాదిన్నర అయింది, ఒక్క రిజిస్ట్రేషన్ లేదు. పార్టీలు వస్తారు, చూస్తారు, చాయ్ తాగుతారు, పోతారు. మొన్న ఒకాయన...

అతిథి: పుస్తకాల సంగతి చెప్పండి.

కాలర్: దాని దగ్గరికే వస్తున్నా సార్. పెట్టె దించితే పదమూడు బైండ్లు. ఒక్కో దాంట్లో ఒక ఏడాది చందమామలు. నాయన ఎర్ర గుడ్డ అంటించి కుట్టించాడు. ఎంత వస్తుంది సార్?

అతిథి: నేను మొదట ఏం చెప్పాను?

కాలర్: అంటే, అందాజ్‌గా.

అతిథి: అందాజు కూడా లేదు. నేను అడిగినవాటికి జవాబివ్వండి. కుట్టించినప్పుడు లోపలి రంగుల అట్టలు ఉంచారా, తీసేశారా?

కాలర్: ఒక్క నిమిషం, ఒకటి ఇక్కడే ఉంది. (కాగితాల చప్పుడు) కొన్నిటికి ఉన్నాయి, కొన్నిటికి లేవు.

అతిథి: అక్కడే తేడా వస్తుంది. మన బైండర్లు అంచులు సమానంగా రావాలని మూడు వైపులా కోసేస్తారు. బొమ్మ అంచు పోతుంది, ఒక్కోసారి పై వరుస అక్షరాలు సగం పోతాయి. సేకరించేవాళ్లు విడి సంచికే అడుగుతారు. అట్ట ఉండాలి, పిన్నులు అప్పటివే ఉండాలి. వడ్డాది పాపయ్య గారి బొమ్మ ఉన్న అట్ట కోసమే కొనేవాళ్లున్నారు, లోపలి కథ చూడరు కూడా. అయితే ఒకటి, మీ నాయన కుట్టించకపోతే అవి ఎప్పుడో పొట్లాలు కట్టేవాళ్లు. అందుకని బైండు విప్పొద్దు. విప్పి విడివిడిగా అమ్ముదామని కత్తి పెట్టిన ప్రతివాడూ పాడుచేసుకున్నాడు.

కాలర్: విప్పను సార్. మరి ఎంత...

అతిథి: ఏ సంవత్సరాలవి?

కాలర్: మొదటి పేజీలు పోయాయి కొన్నిటికి. ఒకదాని మీద వెల అణాల్లో ఉంది.

అతిథి: అణాలా? బాగా చూసి చెప్పండి.

కాలర్: అవును సార్, అణాలే.

అతిథి: (ఆగి) ఎన్ని బైండ్లలో అలా ఉంది?

కాలర్: మూడింట్లో చూశాను.

అతిథి: వినండి. చందమామ మొదలైంది 1947 జూలైలో. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగులో, తమిళంలో ఒకేసారి తెచ్చారు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వం తీసుకున్నారు, 1980లో పోయేదాకా ఆయనే. మన దేశంలో అణాల బదులు నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్లో. అంటే వెల అణాల్లో ఉంటే అది ఆ మార్పుకు ముందుది, లేదా ఆ మార్పు రోజులది. పత్రిక పుట్టిన తొలి పదేళ్లలోది. ఆ మూడూ విడిగా పెట్టండి. మిగతా పదితో కలపొద్దు.

కాలర్: బాగా వస్తుందన్నట్టేనా సార్?

యాంకర్: సార్, ఇంకా కాలర్లు లైన్లో ఉన్నారు...

అతిథి: ఉండమ్మా, ఈయన ఇంకా ఏదో దాస్తున్నాడు. చెప్పండి, ఎవరైనా వచ్చి చూశారా?

కాలర్: (ఆగి) చూశారు సార్. హైదరాబాద్ నుంచి ఒకాయన. అన్నీ కలిపి ఇరవై రెండు వేలు అన్నాడు. ఐదు వేలు బయానా ఇచ్చిపోయాడు.

అతిథి: కాగితం?

కాలర్: నోటి మాటే.

అతిథి: మీరు వెంచర్‌లో రోడ్డు బిట్టు, వెనక బిట్టు ఒకే రేటుకు ఇప్పిస్తారా?

కాలర్: ఎట్లా ఇస్తాం సార్? రోడ్డు బిట్టు రేటు వేరు.

అతిథి: మరి? అణాల బైండ్లు మీకు రోడ్డు బిట్లు. మిగతావి వెనక బిట్లు. పదమూడూ కలిపి గుత్తగా అడిగాడంటే ఆయన చూపు ఆ మూడింటి మీదే. అది తప్పని నేను అనను, ఆయన వ్యాపారం ఆయనది. మీరు చూసుకోవాల్సింది.

కాలర్: బయానా తిరిగిచ్చేద్దామంటే... అవి పాప ఫీజుకు కట్టాను సార్.

అతిథి: సరే, సరే. దానికి టెన్షన్ పడకండి. ఫోన్ చేసి ఉన్నమాట చెప్పండి. అణాలవి ఆపుకున్నాం, మిగతా పది బైండ్లు మీకే ఇస్తాం, బయానా అందులో సర్దుకుందాం అనండి. నూటికి తొంభై మంది ఒప్పుకుంటారు. మీకు అన్నదమ్ములున్నారా?

కాలర్: చెల్లె ఉంది. వనపర్తిలో ఇచ్చాం.

అతిథి: ఆమెకు తెలుసా?

కాలర్: పాత కాగితాలే కదా అని చెప్పలేదు.

అతిథి: చెప్పండి. నాయనవి కదా. ఒక బైండు నాకుంచన్నా అంటుందేమో. ఆ మూడింటినీ ఇద్దరు ముగ్గురికి చూపించండి. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తిరిగితే ఈ సరుకు తెలిసినవాళ్లు దొరుకుతారు. పుస్తకాలు మోసుకుపోవద్దు, ఫోటోలు చాలు. నేను మాత్రం కొనను. సలహా చెప్పినవాడు కొంటే బాగుండదు.

కాలర్: సంతోషం సార్. చివరిగా ఒక్కటి, ఆ మూడింటికి సుమారుగా...

యాంకర్: సార్, థాంక్యూ! కల్వకుర్తి నుంచి మాట్లాడారు. గద్వాల కాలర్, చెప్పండి.

కాలర్ (గద్వాల): నేను అమ్మడానికి కాదు సార్, కొనడానికి. అందరూ అమ్ముతున్నారు, రేట్లు పడ్డాయి. ఇప్పుడు కొని పెట్టుకుంటే మంచిదే కదా?

అతిథి: డబ్బు ఎక్కడిది?

కాలర్: చిట్టి ఎత్తాను.

అతిథి: చిట్టి ఎత్తి కామిక్స్ కొనొద్దు. నాయనా, ఇది బంగారం కాదు, తెల్లారేసరికి కుదువ పెట్టుకోవడానికి. కష్టకాలంలో మామూలు సరుకే ముందు పడుతుంది, ఎందుకంటే అది అందరి ఇళ్లలో ఉంది, అందరూ ఒకేసారి దించుతారు. అరుదైనది కొనేవాళ్లు పదిమందే. మంచి రోజుల్లోనూ పదిమందే. మీరు కొనేది ఏ రకం?

కాలర్: అమర్ చిత్ర కథలు సార్. ఆన్‌లైన్లో ఒక్కోటి వేలల్లో ఉంది.

అతిథి: పెట్టిన రేటా, అమ్ముడైన రేటా? అడిగిన రేటు రేటు కాదు, ఇచ్చిన రేటే రేటు. రాసుకోండి. అమర్ చిత్ర కథ అనంత్ పై గారు 1967లో మొదలుపెట్టారు, ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. అదే కథ కొత్తది దుకాణంలో దొరుకుతుంటే పాత పునర్ముద్రణకు ఎక్కువ ఎందుకిస్తారు? మొదటి ముద్రణ అని రుజువైతేనే ఆలోచించండి.

యాంకర్: అచ్చంపేట కాలర్... హలో? లైన్ కట్ అయింది. మహబూబ్‌నగర్.

కాలర్ (మహబూబ్‌నగర్): సార్, మా మామ రైల్వేలో చేసేవాడు. హిందీ ఇంద్రజాల్ కామిక్స్ నూటయాభై ఉన్నాయి. ఫాంటమ్, మాండ్రేక్, బహదూర్.

అతిథి: మంచి సరుకు. ఇంద్రజాల్ కామిక్స్ 1964లో మొదలై 1990 దాకా వచ్చాయి. తొలి ఏళ్లవి ఉంటే పిన్నులు చూడండి. కాగితం పసుపు పట్టి పిన్ను మాత్రం తళతళలాడుతుంటే అట్ట మార్చి ఉంటారు. పాత పిన్ను కాగితం మీద తుప్పు మరక వదులుతుంది.

కాలర్: అది చూస్తాను. నా సమస్య వేరే. పాత వస్తువులు అమ్మే యాప్‌లో పెట్టాను. ఒకాయన మిలిటరీ అని చెప్పి, బేరం ఆడకుండా సరే అన్నాడు. డబ్బు పడాలంటే క్యూఆర్ స్కాన్ చేసి యూపీఐ పిన్ కొట్టమంటున్నాడు.

అతిథి: కొట్టారా?

కాలర్: ఇంకా లేదు.

అతిథి: కొట్టకండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, ఇవ్వడానికే పిన్. పాత పుస్తకాలు బేరం ఆడకుండా కొనేవాడు భూమ్మీద లేడు, అక్కడే అనుమానం రావాలి. నంబరు బ్లాక్ చేయండి. ఎవరైనా ఇప్పటికే మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

యాంకర్: చాలా ముఖ్యమైన విషయం. సూర్యాపేట నుంచి అమ్మగారు.

కాలర్ (సూర్యాపేట): బాబూ, బాలమిత్రలు, చందమామలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ముక్క వాసన వస్తోంది. ఎండలో పెట్టనా?

అతిథి: ఎండలో వద్దమ్మా, కాగితం పెళుసెక్కుతుంది. నీడలో, గాలి తగిలేచోట రెండ్రోజులు పరవండి. కలరా ఉండలు గుడ్డలో మూటగట్టి పెట్టె మూలన పెట్టండి, పుస్తకానికి తగలకూడదు. అమ్ముదామనా?

కాలర్: ఎందుకు అమ్ముతాను? రాత్రిపూట మనవడికి బేతాళ కథ చదివి చెప్పాలి. శవాన్ని భుజాన వేసుకున్న బొమ్మ చూపిస్తేనే పడుకుంటాడు.

అతిథి: శంకర్ గారి బొమ్మ అది. అమ్మా, పొద్దున్నుంచి నాకు ఇదొక్కటే మంచి ఫోన్.

యాంకర్: (నవ్వుతూ) చివరి కాలర్, నల్లగొండ.

కాలర్ (నల్లగొండ): సార్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. జాబ్ పోయింది, ఇంటికొచ్చాను. లాక్‌డౌన్ టైంలో అమెరికా కామిక్స్ స్లాబ్ కాపీలు కొన్నాను.

యాంకర్: స్లాబ్ అంటే?

అతిథి: ఇంటి స్లాబు కాదమ్మా. అక్కడ పుస్తకాన్ని పరీక్షించి, పదికి మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తారు. ఏం కొన్నారు తమ్ముడూ?

కాలర్: ఎక్కువగా 1990ల మొదటి సంచికలు. కార్డు మీద ఈఎంఐలో.

అతిథి: అబ్బా. 1991లో ఎక్స్-మెన్ మొదటి సంచిక 80 లక్షలకు పైగా అమ్ముడైంది. కొన్నవాళ్లలో చాలామంది రేపు లక్షలొస్తాయని చదవకుండా దాచారు. అందరూ దాచింది అరుదెట్లా అవుతుంది? ఆ మోజు దిగింది, 1996 డిసెంబర్లో దాన్ని వేసిన మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. అదే సూపర్‌మ్యాన్ మొదట వచ్చిన 1938 నాటి పుస్తకం, 10 సెంట్లది, 2010 ఫిబ్రవరిలో 10 లక్షల డాలర్లకు పోయింది. 2008 ఆర్థిక సంక్షోభం దెబ్బ నుంచి జనం ఇంకా తేరుకోని రోజులవి. పిల్లలు చదివి, చింపి, పారేయగా మిగిలినవి కొన్నే కాబట్టి.

కాలర్: మరి ఇప్పుడు నష్టానికైనా అమ్మాలా?

అతిథి: కార్డు వడ్డీ నెలనెలా పెరుగుతోంది, పుస్తకం రేటు పెరగడం లేదు. ముందు కార్డు. అమ్మేయండి. ఇక్కడే, మన దేశంలోనే కొనేవాళ్లను చూడండి, అమెరికాకు పంపితే ఖర్చులే మిగులుతాయి. బాగా ఇష్టమైనది ఒక్కటి ఉంచుకోండి. డబ్బా పగలగొట్టి చదవండి కావాలంటే.

యాంకర్: సమయం అయిపోతోంది. సార్, కల్వకుర్తి ఆయన వాట్సాప్‌లో ఫోటో పంపారు. చూడండి.

అతిథి: ఇటివ్వు. (కాసేపు మౌనం) 1949... రంగు చూడు, ఇంకా ఎలా ఉందో. అంచు కూడా కోయలేదు. ఈ ఒక్కటి బైండరు ఎలా వదిలేశాడో.

యాంకర్: సార్, మరి దీనికి ఎంత ఉండొచ్చు?

అతిథి: నువ్వు కూడానా అమ్మా!

యాంకర్: వార్తల సమయం అయింది. వచ్చే ఆదివారం కలుద్దాం.