కిల్పెక్ చర్చి గురించి, మధ్యలో మా ఊరి గుడి గురించి

అందరికీ నమస్కారం. కమిటీ పెద్దలకు, వంటల దగ్గర ఉండిపోయి ఇటు రాలేకపోయినవాళ్లకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కూడా. సెక్రటరీ గారు ఇరవై నిమిషాలే అని గట్టిగా చెప్పి మరీ మైకు ఇచ్చారు, తర్వాత భోజనాలున్నాయని రెండుసార్లు గుర్తుచేశారు, కాబట్టి పేరుపేరునా చదవడం మానేస్తున్నాను. ఎవరూ ఏమీ అనుకోకండి.

రేపు మనం బస్సులో వెళ్తున్న కిల్పెక్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "అది చర్చి కదండీ, మనకెందుకు?" అని ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు. అయ్యా, నేను సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి. గుడైనా మసీదైనా చర్చయినా నాకు ముందు కనబడేది గోడే. ఆ గోడ కోసమే రమ్మంటున్నాను.

కిల్పెక్ అంటే ఇంగ్లండ్‌లో హెరిఫర్డ్‌కి నైరుతిగా, వేల్స్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న చిన్న పల్లె. చర్చి సెయింట్ మేరీ, సెయింట్ డేవిడ్‌ల పేరు మీద ఉంది. సుమారు 1140లో కట్టారు. మన హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది కదా, దానికంటే ఓ ఇరవై ఏళ్లు ముందన్నమాట. ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఈ దేశాన్ని గెలిచి అప్పటికి డెబ్బై ఏళ్లు దాటింది. ఊరి దొర హ్యూ అనే ఆయన. చర్చి వెనకాల ఆయన కోట ఉండేది, ఇప్పుడు ఓ మట్టిదిబ్బ, దాని మీద రెండు గోడముక్కలు మిగిలాయి. ఊరు కూడా ఒకప్పుడు పెద్దదే, పక్క పొలంలో గడ్డి కింద పాత ఇళ్ల గుర్తులు ఇప్పటికీ ఎత్తుపల్లాలుగా కనిపిస్తాయి. కోట పోయింది, ఊరు పోయింది, చర్చి మిగిలింది.

కట్టడం చాలా చిన్నది. మూడు భాగాలు: జనం కూర్చునే హాలు, తర్వాత కాస్త ఇరుకైన గది, చివర అర్ధవృత్తంగా మూసుకుపోయే గది. మండపం, అంతరాళం, గర్భగుడి అనుకోండి, మనవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. కాకపోతే మన గుళ్లలో దేవుడు ఎక్కువగా తూర్పుకి చూస్తాడు, ఇక్కడ బలిపీఠమే తూర్పు చివరన ఉంటుంది, జనం తూర్పుకి తిరిగి దణ్ణం పెడతారు. లోపలికి వెళ్లే గుమ్మం దక్షిణం వైపు.

ఆ గుమ్మం దగ్గర మాత్రం తొందరపడకండి. ఎర్రటి ఇసుకరాయి. పైన అర్ధచంద్రాకారపు రాతిలో ఒక చెట్టు, తీగలా మెలితిరిగి ఉంటుంది. రెండు పక్కలా కంబాల మీద పాములు, డ్రాగన్లు. ఒక కంబం మీద లతల్లో చిక్కుకున్న ఇద్దరు మనుషులు, టోపీలు పెట్టుకుని, కాళ్లకి పొడవాటి ప్యాంట్లు వేసుకుని ఉంటారు. ఆ ప్యాంటు మడతల గీతలు కూడా పోలేదండీ, దాదాపు తొమ్మిది వందల ఏళ్లయినా! ఇంకోచోట ఒక ముఖం నోట్లోంచి తీగలు బయటికి వస్తుంటాయి. మన మకర తోరణాలు చూసి పెరిగిన కళ్లకి అది కొత్తేమీ కాదు. ఆ శిల్పి మన గుళ్లు చూశాడని నేననను, వాట్సాప్‌లో అలాంటివి తిరుగుతుంటాయి, దయచేసి ఫార్వర్డ్ చెయ్యకండి.

తర్వాత తలెత్తి సూరు కింద చూడండి. చుట్టూ వరసగా చిన్నచిన్న చెక్కిన రాళ్లు పొడుచుకుని వచ్చి ఉంటాయి, 85 మిగిలాయి. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. శిలువ మోస్తున్న గొర్రెపిల్ల ఉంది, తంత్రీవాద్యం వాయించేవాడున్నాడు. కుక్కా కుందేలూ పక్కపక్కనే ఉన్నాయి, గుండ్రటి కళ్లు, వేలాడే చెవులు, ఇప్పటి కార్టూన్ బొమ్మల్లా ఉంటాయి, పిల్లలు ముందు దాన్నే వెతుకుతారు. ఇంకో బొమ్మ ఉంది, ఒళ్లు దాచుకోకుండా నగ్నంగా ఉన్న ఆడమనిషి బొమ్మ, షీలా నా గిగ్ అంటారు, అది పిల్లలకి చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరిని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆఁ, మీకు అర్థమైంది. జి. ఆర్. లూయిస్ అనే చిత్రకారుడు 1842లో ఈ చర్చి బొమ్మలన్నీ గీసి పుస్తకం వేశాడు, ఈ ఒక్క బొమ్మ దగ్గరకొచ్చేసరికి పాపం ఆయనకి ఏం చెయ్యాలో తోచక, ఎవరో వెర్రివాడు గుండె తెరిచి చూపిస్తున్నాడని సర్దేశాడు. పెద్దమనుషులు ఎక్కడైనా ఒకటే.

ఈ లూయిసే షాబ్డన్ అనే ఇంకో ఊరి శిల్పాలు కూడా గీసి 1852లో పుస్తకం వేశాడు. అదీ హెరిఫర్డ్‌షైరే, అదే శిల్పుల బాణీ, అదే కాలం. అక్కడి చర్చిని 1750ల్లో పాతబడిందని పడగొట్టి, కొత్త ఫ్యాషన్‌లో ఇంకోటి కట్టుకున్నారు. పాతదాంట్లోని చెక్కిన తోరణాల్ని ఏం చేశారంటే, దూరంగా గుట్ట మీద అలంకారంగా నిలబెట్టారు. అక్కడి దొర ఇంట్లోంచి చూస్తే వ్యూ బాగుంటుందని! పైన కప్పు లేదు, వానా మంచూ నేరుగా పడ్డాయి. ఇప్పుడు వెళ్లి చూస్తే ఏది మనిషో ఏది తీగో తెలియదు, అంతా కరిగిపోయింది. లూయిస్ బొమ్మలే లేకపోతే అక్కడేముండేదో మనకి తెలిసేదే కాదు. కిల్పెక్‌కి మాత్రం 1848లో ఒకసారి పెద్ద మరమ్మతు జరిగినా, చెక్కినవి చెక్కినచోటే ఉన్నాయి.

ఇప్పుడు నా సబ్జెక్టుకి వస్తాను. సెక్రటరీ గారూ, వాచీ చూడకండి.

ఇలాంటి పాత గోడలు ఎలా కడతారంటే, బయటొక వరస రాళ్లు, లోపలొక వరస రాళ్లు, మధ్యలో చిన్నరాళ్లూ సున్నమూ కూరతారు. నేలలోంచి చెమ్మ పైకి రాకుండా ఆపే పొర ఏదీ ఉండదు. చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు సందుల్లోంచి మళ్లీ బయటికి ఆరిపోతుంది. సున్నం రాయి కంటే మెత్తన, కాబట్టి పాడైతే ముందు సున్నమే రాలుతుంది, రాయి బతుకుతుంది. రాలిన సున్నం మళ్లీ పెట్టుకోవచ్చు. మన పెద్దలు చేసిందీ ఇదే. గానుగలో డంగు సున్నం తిప్పి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి కట్టిన గోడలు మీ తాతల ఇళ్లల్లో చూసే ఉంటారు, మేకు కొడితే మేకు వంగేది.

ఆ సందుల్లో సిమెంటు పెడితే ఏమవుతుంది? సిమెంటు గట్టిది, చెమ్మని బయటికి పోనివ్వదు. లోపల ఇరుక్కున్న నీళ్లు రాతిలోంచి దారి వెతుక్కుంటాయి, రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. సిమెంటు మాత్రం చెక్కుచెదరకుండా గీతల్లా నిలబడి ఉంటుంది, మధ్యలో రాయి గుంటపడి ఉంటుంది. ఈ దేశంలో మీరు ఏ పాత గోడ దగ్గరకెళ్లినా ఇది కళ్లారా చూడొచ్చు. ఆ సిమెంటుకి 1824లో పేటెంటు తీసుకున్నది కూడా ఇక్కడివాడే, లీడ్స్‌కి చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్. వీళ్లు కూడా పాత చర్చిలకి సిమెంటు పూసి, నాశనం చేసుకుని, ఇప్పుడు దాన్ని గోకి మళ్లీ సున్నం పెట్టుకుంటున్నారు. వాళ్లు మానేసిన పని మనం మొదలుపెట్టాం.

మా ఊరి పేరు చెప్పను. శివాలయం ఉంది, నల్లరాయి గుడి, చిన్నదే. గుమ్మం పక్కన ఒక శాసనం రాయి, పైన సూర్యచంద్రులు, కింద అక్షరాలు. చిన్నప్పుడు ప్రసాదం కోసం లైన్లో నిలబడి వేళ్లతో ఆ అక్షరాలు తడుముతుండేవాళ్లం, చదవడం ఎవరికీ రాదు, కానీ 'న' ఎక్కడుందో 'మ' ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పేవాళ్లం. ఆ మధ్య జీర్ణోద్ధరణ అన్నారు. విదేశాల్లో ఉన్న మా ఊరివాళ్లంతా తలా కొంత పంపారు. ఏం చేశారండీ? ముందు కంప్రెసర్ తెచ్చి ఇసుకతో శాండ్ బ్లాస్టింగ్ కొట్టించారు, నూనె జిడ్డంతా పోయి "కొత్త గుడిలా మెరుస్తోంది" అని వీడియో పెట్టారు. ఆ వీడియోలో నేను గుమ్మం పక్క చూశాను. సూర్యచంద్రులు రెండు బుడిపెల్లా ఉన్నారు. కింద అక్షరాలు లేవు. రాయి నున్నగా ఉంది. తర్వాత గర్భగుడిలో బాత్రూమ్ టైల్స్, సందుల్లో సిమెంటు, నందికి ఎనామిల్ పెయింటు. ఫోన్ చేస్తే, "బాబాయ్, నువ్వు అక్కడ కూర్చుని టెన్షన్ పడకు, అందరూ బాగుందంటున్నారు" అన్నాడు కుర్రాడు. వాడి తప్పేముంది, వాడు నిజంగా భక్తితోనే చేశాడు. అదే నా బాధ.

ఆ శాసనం ఫొటో ఒక్కటి కూడా ఎవరి దగ్గరా లేదు. షాబ్డన్‌కి లూయిస్ ఉన్నాడు. మా ఊరికి ఎవరూ లేరు.

ఇదే గొడవ ఇక్కడ విలియం మోరిస్ అనే కవి పడ్డాడు. ట్యూక్స్‌బరీ మఠం చర్చికి జీర్ణోద్ధరణ చేస్తామంటుంటే ఒళ్లు మండి పత్రికకి ఉత్తరం రాశాడు, 1877లో పాత కట్టడాల రక్షణకి ఒక సంఘమే పెట్టాడు. గోకొద్దు, గోకొద్దు అంటారు కాబట్టి దానికి యాంటీ స్క్రేప్ అని ముద్దుపేరు. వాళ్ల మాట చాలా సింపుల్: కప్పు కారకుండా చూడు, గట్టర్లో ఆకులు తియ్యి, పడిపోయేదాన్ని పట్టుకో, అంతే. కొత్తగా కనబడేలా చెయ్యకు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది, సున్నం పని నేర్పుతుంది.

సరే, బెల్లు కొట్టేశారు, రెండు నిమిషాలు. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది సొంతూరి గుడికి డబ్బు పంపారు? చేతులెత్తండి, సిగ్గుపడే పనికాదు. చూశారా, సగం మంది పైనే. డబ్బు ఆపమని నేననను. డబ్బుతో పాటు ఒక కాగితం పంపండి: శాండ్ బ్లాస్టింగ్ వద్దు, రాతి సందుల్లో సిమెంటు వద్దు, రాతి మీద పెయింటు వద్దు, పని మొదలెట్టకముందు ప్రతి శాసనాన్నీ ప్రతి బొమ్మనీ ఫొటో తియ్యాలి. డబ్బిచ్చేవాడి మాట ఊళ్లో కాస్తయినా వింటారు. డంగు సున్నం తెలిసిన మేస్త్రీలు కొన్నిచోట్ల ఇంకా ఉన్నారు, వెతికితే దొరుకుతారు, మా ఊళ్లో వెతకలేదు.

వెనక టేబుల్ మీద ఒక నోట్‌బుక్ పెట్టాను. భోజనానికి వెళ్తూ మీ ఊరి గుడి పేరు, శాసనం ఉందో లేదో, ఫొటో ఉందో లేదో రాయండి. ఫొటో లేకపోతే ఈసారి సెలవులకి వెళ్లేవాళ్లు పొద్దున్నే తీయండి, ఎండ పక్కనుంచి పడ్డప్పుడు అక్షరాలు బాగా తేలతాయి. రేపు బస్సు తొమ్మిదింటికి, లేటుగా వచ్చేవాళ్ల కోసం ఆపనని డ్రైవర్ ముందే చెప్పాడు. గుమ్మం దగ్గర చెక్కిన రాళ్ల మీద ఆనుకుని సెల్ఫీలు మాత్రం దిగకండి.