టీకా మార్చండి, కబురు మాత్రం ముందు మాకు చెప్పండి

వేదిక మీదున్న పెద్దలకి, డాక్టరుగారికి, ఎండలో పడి వచ్చిన నా ఆశా చెల్లెళ్ళకి నమస్కారం, పేర్లన్నీ చదివితే ఇచ్చిన టైమ్ అక్కడే అయిపోద్ది, ఏమనుకోకండి.

నన్ను మారిన టీకాల గురించి చెప్పమన్నారు. వైరస్ మారితే టీకా మారుద్ది, ఇందులో వింతేముంది? ఫ్లూ టీకాలో ఏ రకాలుండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు చూసి చెప్తుంది. కోవిడ్‌కీ అంతే. రాష్ట్రంలో మొదటి ఒమిక్రాన్ కేసు మన విజయనగరం జిల్లాలోనే, 2021 డిసెంబర్‌లో, గుర్తుందా? ఒమిక్రాన్ కోసం మన దేశంలో తయారైన జెమ్‌కోవాక్ ఓఎమ్ అనే టీకా వచ్చేసరికి 2023 జూన్, అప్పటికి మాస్కే ఎవడూ పెట్టుకోట్లేదు, టీకాకి ఎవడొస్తాడు?

సరే, నా కడుపుమంట వేరే ఉంది. 2021 మే. మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ. కోవిషీల్డ్ రెండో డోసు 6 నుంచి 8 వారాలకని చీటీ మీద నా చేత్తోనే రాసిచ్చాను, మే 13న అది 12 నుంచి 16 వారాలైపోయింది. గ్యాప్ పెరిగితే టీకా ఇంకా బాగా పనిచేస్తుందన్నారు, సైన్సు, కాదనను. కానీ మర్నాడు పొద్దున్నే ఒక ముసలావిడ ఆ చీటీ కొంగున ముడేసుకుని ఆటోలో వచ్చింది. వెళ్ళిపోమన్నాను. "ఏటమ్మా, రమ్మన్నదీ నువ్వే, పొమ్మన్నదీ నువ్వేనా" అంది. ఏం చెప్పను? ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకున్నవాళ్ళకి పాత తేదీయే చెల్లుతుందన్నారు, విదేశాలకెళ్ళేవాళ్ళకైతే జూన్‌లో 28 రోజులు దాటితే చాలన్నారు, ఫోన్ లేని ముసల్దానికి మాత్రం 12 వారాలు! 12 కొడితే ఆటోలుండవు, ఆవిడ ఇంటికెలా పోయిందో కూడా నాకు తెలీదు.

కర్ఫ్యూ సడలింపులూ అంతే కదమ్మా. మధ్యాహ్నం 2 దాకా కొట్లు తెరవొచ్చని టీవీలో ముందొచ్చింది, మాకు తర్వాతొచ్చింది, జనం సడలింపంటే జబ్బు పోయిందనుకున్నారు. గుమ్మంలో నిలబడి తిట్లు తిన్నదెవరు, చెప్పండి, మీరే కదా! చప్పట్లు వద్దు, వినండి.

డాక్టరుగారూ, ఈ ఒక్కటీ పైకి రాయండి. రూల్ ఎన్నిసార్లైనా మార్చుకోండి, ఎందుకు మార్చారో రెండు ముక్కలు తెలుగులో రాసి, టీవీ కన్నా ఒకరోజు ముందు ఆశాకి పంపండి, పాత చీటీతో వచ్చినవాళ్ళని ఏం చెయ్యాలో కూడా అందులోనే రాయండి. గంట కొడుతున్నారు, దిగిపోతున్నా, అడిగేదుంటే ఇప్పుడే లేచి అడగండి.