దుకాణాలు ముందు, తనిఖీ తర్వాత

అందరికీ నమస్కారం.

గంజాయి అనగానే మనకు విశాఖ మన్యం, చెక్‌పోస్టులు, పోలీసు కేసులే గుర్తొస్తాయి. ఫార్మసీ చదువుతున్న మీరు ఈ పూటకి దాన్ని మందుగా చూడండి. మందు అన్నాక ఎవరు తయారుచేశారు, అందులో ఏముంది, ఎంత మోతాదు అని అడగాలి కదా. అడిగేవాళ్లు సిద్ధం కాకముందే తలుపులు తెరిచిన రాష్ట్రం ఒకటి అమెరికాలో ఉంది. ఓక్లహోమా.

2018 జూన్ 26న అక్కడి ప్రజలు ఓటేసి వైద్య గంజాయి చట్టం తెచ్చుకున్నారు. ఫలానా జబ్బు ఉండాలన్న షరతు లేదు, డాక్టరు సిఫారసు చాలు. అప్పట్లో సాగుకైనా దుకాణానికైనా లైసెన్సు రుసుము 2,500 డాలర్లు. దరఖాస్తును 14 రోజుల్లో తేల్చాల్సి ఉండేది. లైసెన్సుల సంఖ్యకు పరిమితి పెట్టలేదు. దాదాపు 40 లక్షల జనాభాకి సాగు లైసెన్సులే 9 వేలు దాటాయి! అన్ని తోటలు తిరిగి చూసే ఇన్‌స్పెక్టర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? పేరు స్థానికుడిది, పెట్టుబడి బయటివాడిది. బినామీ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సరుకు రాష్ట్రం దాటి దొంగ బజారుకి పోయింది. కొత్త లైసెన్సులు ఆపేసరికి 2022 ఆగస్టు వచ్చేసింది.

ప్రతి మొక్కనీ లెక్కలోకి తెచ్చే పద్ధతి తప్పనిసరి అయింది కూడా ఆ ఏడాదే. మొక్క కాస్త ఎదగ్గానే దానికో ట్యాగు కడతారు. దాని మీద అక్షరాలు, అంకెలు కలిపి 24 ఉండే గుర్తింపు సంఖ్య. కోసినప్పుడు తూకం రాయాలి, ఎండబెట్టాక మళ్లీ రాయాలి. బ్యాచ్‌లోంచి నమూనా ల్యాబుకు వెళ్తుంది. పురుగుమందుల అవశేషాలు, బూజు, సీసం, కాడ్మియం చూస్తారు. గంజాయి మొక్క నేలలోని లోహాలను బాగా పీల్చుకుంటుంది. కీమోథెరపీలో ఉన్నవాళ్లు వాంతులు తగ్గుతాయని దీన్ని వాడతారు. ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోయిన ఆ మనిషి ఊపిరితిత్తుల్లోకి బూజు పోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆ ల్యాబు కాగితాన్ని నేను లాంఛనం అనుకోను. ఆ రోగికున్న రక్షణ అదే.

పై చదువులకు అమెరికా వెళ్లేవాళ్లకు ఒక్క మాట. వీసా వ్యవహారం ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వానిది. వైద్య గంజాయి వాడొచ్చని రాష్ట్రం ఇచ్చిన కార్డు అక్కడ మిమ్మల్ని కాపాడదు.

ఇక మన సంగతి. మత్తుమందులను నియంత్రించే 1985 ఎన్‌డీపీఎస్ చట్టం 10వ సెక్షన్ గంజాయి సాగును అనుమతించి నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. రేపు మన దగ్గర ఎవరైనా వైద్య గంజాయి ప్రతిపాదన తెస్తే, ఎంత ఆదాయం వస్తుందన్న లెక్క దగ్గరే ఆగిపోకండి. ఎన్ని ఎకరాలకు ఒక ఇన్‌స్పెక్టరు, ల్యాబులు ఏ ఊళ్లో, పరీక్షలో తప్పిన బ్యాచ్‌ను ఎవరు, ఎవరి ఎదుట తగలబెడతారు అని అడగండి. మొదటి లైసెన్సు మీద సంతకం పడకముందే అడగండి.