డెవాస్టేటర్ స్క్వాడ్‌కి ఒక్కో తుపాకీ ఒక్కో రకం ఎందుకు ఇవ్వకూడదు?

[తెరపై: బల్ల మీద ఐదుగురు డెవాస్టేటర్లు. కెమెరా ఒక్కో ఆయుధం మీదుగా మెల్లగా కదులుతుంది.]

నమస్తే అండీ. బల్ల మీద చిన్న బొమ్మలతో, డైస్‌తో ఆడే యుద్ధపు ఆట వార్‌హామర్ 40,000లో స్పేస్ మెరీన్ సైన్యం మొదలుపెట్టిన ప్రతి కొత్త ప్లేయర్‌కీ, ఆ సైన్యంలో పెద్ద తుపాకులు మోసే డెవాస్టేటర్ల గురించి ఎవరో ఒకరు ఒక సలహా ఇస్తారు. "డెవాస్టేటర్లు అన్నిటికీ పనికొస్తారు. నాలుగు హెవీ వెపన్లు ఇవ్వొచ్చు కదా, ఒక్కో రకం ఒకటి పెట్టేయ్. ఎవరొచ్చినా నీ దగ్గర జవాబు ఉంటుంది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే ఇందులో మొదటి సగం అక్షరాలా నిజం, ఆ నిజాన్ని పాడుచేసేది రెండో సగం. ఈ వీడియో అంతా దాని గురించే.

డైస్ ఎలా వేయాలి, సేవ్ అంటే ఏంటి, ఇవన్నీ మీకు తెలుసు, వాటి జోలికి పోను. నేను చెప్పే అంకెలు మాత్రం 2023లో వచ్చిన పదో ఎడిషన్‌వి.

ఈ స్క్వాడ్‌లో ఒక సార్జెంట్, నలుగురు మెరీన్లు ఉంటారు. కావాలంటే ఇంకో ఐదుగురిని చేర్చి పది చేసుకోవచ్చు. ఎంతమంది ఉన్నా హెవీ వెపన్లు నాలుగే. ఎంచుకోవడానికి ఆరు రకాలు: లాస్‌కానన్, హెవీ బోల్టర్, మిసైల్ లాంచర్, మల్టీ-మెల్టా, ప్లాస్మా కానన్, గ్రావ్-కానన్. పదో ఎడిషన్‌లో ఏ ఆయుధం పెట్టినా పాయింట్లు ఒక్కటే. ఈ ఒక్క మార్పుతో ఆ పాత సలహాకి కొత్త బలం వచ్చింది. అన్నీ ఒకే ధర అయినప్పుడు తలా ఒకటి తీసుకుంటే తప్పేంటి అనిపిస్తుంది మరి.

[తెరపై: ఒక పక్క రైనో బండి, ఇంకో పక్క ఇరవై మంది ఓర్క్ బాయ్స్.]

ఇప్పుడు రెండు టార్గెట్లు పెట్టుకుందాం. వీడియో పొడుగునా ఇవే వాడతాను. ఒకటి రైనో, సైనికుల్ని మోసే కవచం బండి: టఫ్‌నెస్ (దెబ్బకి ఓర్చే గట్టిదనం) 9, పది వూండ్లు (ప్రాణం లెక్క), సేవ్ 3+ (డైస్ మీద 3 లేదా పైన పడితే దెబ్బ తప్పుతుంది). రెండోది ఓర్క్ బాయ్స్ ఇరవై మంది: టఫ్‌నెస్ 5, సేవ్ 5+, దాదాపు అందరికీ ఒక్కో వూండే.

నాలుగు లాస్‌కానన్లతో ఓర్క్‌ల మీద కాల్చారనుకోండి. ఎంతమంది పోతారు? మీ అదృష్టం ఎంత గొప్పదైనా నలుగురే. నాలుగు షాట్లు కాబట్టి నలుగురు. ఒక్కో షాట్‌కి డి6+1 (ఆరు ముఖాల డైస్ వేసి ఒకటి కలిపితే వచ్చేంత) డ్యామేజ్ ఉంది, ఏడు పడిందని సంబరపడినా ఉన్న ఒక్క వూండ్ పోగా మిగిలిన ఆరూ గాల్లో కలుస్తాయి, పక్కవాడి మీదకి వెళ్ళవు. సగటు లెక్క తీస్తే ఇద్దరు, ఇంకాస్త. అదే స్క్వాడ్, అవే డైస్, రైనో వైపు తిప్పండి. కదలకుండా నిలబడి కాలిస్తే సగటున 6.7 వూండ్లు పోతాయి. పదింటిలో ఆరున్నర పైనే! ఒక్క రౌండ్‌లో బండి చావు అంచుకి చేరుతుంది.

అదే నాలుగు హెవీ బోల్టర్లు ఓర్క్‌ల మీద సగటున నలుగురిని తీసేస్తాయి. రైనో మీద మాత్రం లాస్‌కానన్లు చేసేదాంట్లో సగమే చేస్తాయి. మిసైల్ లాంచర్‌లో రెండు రకాల గుళ్ళు ఉంటాయి. గుంపుల కోసం ఫ్రాగ్, బండ్ల కోసం క్రాక్. ఫ్రాగ్ వేస్తే, ఇరవై మంది గుంపు కాబట్టి బ్లాస్ట్ రూల్ వల్ల ఒక్కో లాంచర్‌కి నాలుగు షాట్లు అదనం. నాలుగు లాంచర్లూ కలిసి నలుగురైదుగురు ఓర్క్‌లని పడగొడతాయి. క్రాక్ వేస్తే రైనోకి మూడు వూండ్లు, అంటే లాస్‌కానన్లు చేసేదాంట్లో సగం కూడా కాదు. అన్నిటికీ జవాబు కావాలనుకునేవాళ్ళు అసలు చూడాల్సిన ఆయుధం ఇదీ అని నా అభిప్రాయం. రెండు పనులూ ఒకే గొట్టంలోంచి వస్తాయి, స్క్వాడ్‌ని ముక్కలు చేయక్కర్లేదు. బదులుగా ట్యాంకుల మీద దెబ్బ తగ్గుతుంది, అది ఒప్పుకునే తీసుకోవాలి.

సరే, ఇప్పుడు ఆ సలహా ప్రకారం కలగూర స్క్వాడ్ కడదాం. లాస్‌కానన్ ఒకటి, హెవీ బోల్టర్ ఒకటి, మిసైల్ లాంచర్ ఒకటి, మల్టీ-మెల్టా ఒకటి. రైనో మీద నిలబడి కాలిస్తే సగటు 5.6 వూండ్లు. ఇక్కడ చాలామంది నన్ను ఆపేస్తారు. "6.7కీ 5.6కీ తేడా ఏముంది? ఒక్క వూండే కదా?" అంటారు. ఈ ప్రశ్న సరైనదే. కాగితం మీద లెక్క చూస్తే కలగూర స్క్వాడ్ అంత చెడ్డగా కనిపించదు, అందుకే ఈ సలహా ఇన్నేళ్ళుగా చావట్లేదు.

[తెరపై: బల్ల మీద టేపు పరిచి 18, 24, 36, 48 అంగుళాల దగ్గర గుర్తులు.]

కానీ ఆ 5.6లో ఒక షరతు దాగి ఉంది. నాలుగు ఆయుధాలకీ రైనో అందాలి. లాస్‌కానన్ రేంజ్ 48 అంగుళాలు, మిసైల్‌దీ 48. హెవీ బోల్టర్ 36. మల్టీ-మెల్టా? పద్దెనిమిదే! రైనో 30 అంగుళాల దూరంలో ఉంటే మెల్టా పట్టుకున్నవాడు చేతులు ముడుచుకుని నిలబడాలి, మీ 5.6 కాస్తా 3.3కి పడిపోతుంది. నాలుగు లాస్‌కానన్లు చేసే పనిలో సగం.

క్రికెట్ చూసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మల్టీ-మెల్టా స్లిప్ ఫీల్డర్. బ్యాట్స్‌మన్‌కి దగ్గరగా నిలబడితేనే వాడికి పని. లాస్‌కానన్ లాంగ్ ఆన్‌లో బౌండరీ కాపలా కాసేవాడు. ఇద్దరూ మంచి ఫీల్డర్లే. కానీ స్క్వాడ్‌లో మోడళ్ళు ఒకదానికొకటి రెండు అంగుళాల లోపు ఉండాలన్న రూల్ ఉంది కదా. అంటే స్లిప్ ఫీల్డర్‌నీ లాంగ్ ఆన్ ఫీల్డర్‌నీ ఒకే తాడుకి కట్టి మైదానంలోకి పంపుతున్నారు. ఎక్కడ నిలబెడతారు? స్లిప్‌లో పెడితే బౌండరీ ఖాళీ, బౌండరీలో పెడితే క్యాచ్ పట్టేవాడు లేడు. మిడ్ ఆఫ్‌లో పెడితే ఇద్దరూ దండగ.

పోనీ ముందుకి నడిపిద్దాం అంటారా? హెవీ అనే రూల్ గుర్తుంది కదా. కదలకుండా ఉంటే హిట్ రోల్‌కి ప్లస్ వన్. ఇది మోడల్‌కి కాదు, యూనిట్ మొత్తానికి వర్తిస్తుంది. మెల్టా ఒక్కడి కోసం స్క్వాడ్ కదిలిందా, మిగతా ముగ్గురి గురీ చెడుతుంది. 3+ మీద తగలాల్సినవి 4+ మీద తగులుతాయి. రేంజ్‌లోకి వచ్చి నాలుగూ కాల్చినా రైనో మీద సగటు నాలుగు వూండ్లకి కాస్త పైన, అంతే. నాలుగు లాస్‌కానన్ల స్క్వాడ్ కదిలి కాల్చినా ఐదు తెస్తుంది. పైగా ఆ స్క్వాడ్ ఇంకా వెనకాలే, గోడ చాటునే ఉంది. మీ కలగూర స్క్వాడ్ 18 అంగుళాల దగ్గర, ఇరవై మంది ఓర్క్‌ల ఎదుట నిలబడి ఉంది. వాళ్ళు చార్జ్ చేశాక ఏ ఆయుధం ఉన్నా ఒకటే.

ఇక్కడ పాత కథ ఒకటి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి. 2017లో ఎనిమిదో ఎడిషన్ రాకముందు ఏళ్ళ తరబడి మామూలుగా యూనిట్ మొత్తం ఒకే టార్గెట్ మీద కాల్చాల్సి వచ్చేది. అప్పట్లో కలగూర స్క్వాడ్ అంటే ప్రతి టర్న్‌లోనూ ఏదో ఒక తుపాకీ వృథా. ఎనిమిదో ఎడిషన్ నుంచి ఒక్కో మోడల్ ఒక్కో టార్గెట్ మీద కాల్చొచ్చు. ఆ రోజు నుంచి "ఇక కలిపేయొచ్చు" అన్నవాళ్ళు ఎక్కువయ్యారు. టార్గెట్ సమస్య తీరింది, నిజమే. నిలబడే చోటు సమస్య అలాగే ఉండిపోయింది. తాడు తెగలేదు.

తయారీదారులనే చూడండి. గేమ్స్ వర్క్‌షాప్ తర్వాత తెచ్చిన ప్రైమారిస్ అనే కొత్త తరం మెరీన్లలో హెల్‌బ్లాస్టర్లు 2017లో వచ్చారు, వాళ్ళ చేతిలో ప్లాస్మా. ఎరాడికేటర్లు 2020లో వచ్చారు, అంతా మెల్టా. డెసొలేషన్ స్క్వాడ్ 2023లో వచ్చింది, వాళ్ళవి మిసైళ్ళు. అంటే డెవాస్టేటర్ల చేతిలోని ఆయుధాలని విడదీసి, ఒక్కో దానికి ఒక్కో స్క్వాడ్ కట్టారు. దూరాన్ని బట్టి మనుషుల్ని వేరు చేశారు.

మరి డెవాస్టేటర్ల గొప్పతనం ఎక్కడుంది? లిస్ట్ రాసేటప్పుడు ఉంది. మీ సైన్యంలో ట్యాంకుల్ని కొట్టే బలం తక్కువగా ఉందా? నాలుగు లాస్‌కానన్లు. ఎదుటివాళ్ళు రెండు వూండ్ల మెరీన్లతో వచ్చేవాళ్ళా? నాలుగు హెవీ బోల్టర్లు, వాటి డ్యామేజ్ 2 సరిగ్గా అక్కడికే కుదురుతుంది, టర్న్‌కి సగటున ముగ్గురు. ఒకే యూనిట్ ఎంట్రీతో ఆరు వేరువేరు స్క్వాడ్‌లు మీ చేతిలో ఉన్నట్టు. ఆట మొదలయ్యాక మాత్రం ఆ స్క్వాడ్‌కి ఒకే పని, ఒకే చోటు ఉండాలి. నలుగురినీ స్లిప్‌లో పెట్టండి, లేదా నలుగురినీ బౌండరీలో పెట్టండి.

కలగూర స్క్వాడ్‌లు ఇన్ని కనపడటానికి ఇంకో అసలు కారణం చెప్తాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు. డెవాస్టేటర్ బొమ్మల పెట్టెలో అన్ని రకాల ఆయుధాలూ వస్తాయి గానీ ఒకే రకం నాలుగు రావు. కొత్తవాళ్ళు ఉన్నవాటితో కడతారు, కలగూర అవుతుంది, తర్వాత దానికో సిద్ధాంతం అల్లుతారు. మన దగ్గర ఈ పెట్టెల ఖరీదు తెలుసు కదా, ఇంకోటి కొనమని నేను చెప్పను. మోచేతుల దగ్గర చిన్న అయస్కాంతాలు పెట్టుకోండి. జిగురు పెట్టకుండా ఆయుధాలు మార్చుకోవచ్చు, తెలిసినవాళ్ళ దగ్గర మిగిలిన తుపాకులతో మార్పిడి చేసుకోవచ్చు. స్నేహితుల మధ్య ఆటలో అయితే ముందే చెప్పి "ఈ నాలుగూ లాస్‌కానన్లే అనుకో" అంటే చాలామంది సరేనంటారు.

[తెరపై: డ్రాప్ పాడ్.]

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆకాశం నుంచి మెరీన్లని దింపే డ్రాప్ పాడ్‌లో మల్టీ-మెల్టాలు దింపుతున్నారా? బాగుంటుంది, కానీ శత్రువుకి తొమ్మిది అంగుళాల కన్నా దూరంగా దిగాలి, మెల్టా అదనపు డ్యామేజ్ తొమ్మిది అంగుళాల లోపే వస్తుంది. దిగిన టర్న్‌లో అది రాదు. దిగడం కదిలినట్టే లెక్క, హెవీ ప్లస్ వన్ కూడా పోతుంది. ఆ రెండూ లేకుండానే లెక్క వేసుకోండి.

పదిమంది స్క్వాడ్ దండగ అనే మాట నమ్మకండి. ముందు ఎవరు చావాలో ఎంచుకునేది మీరే. మామూలు బోల్టర్ పట్టుకున్న ఐదుగురు ముందు పడతారు, లాస్‌కానన్లు ఆఖరి దాకా మోగుతాయి.

కథ ఇష్టమైనవాళ్ళకి ఒక్క ముక్క. స్పేస్ మెరీన్ల దళాలైన చాప్టర్లలో చాలావాటిలో, శిక్షణలో ఉండే స్కౌట్ దశ దాటిన కుర్రాళ్ళని ముందు డెవాస్టేటర్లలోకే పంపుతారు, దూరం నుంచి యుద్ధాన్ని గమనించి నేర్చుకోవాలని. స్పేస్ వుల్వ్స్ అనే చాప్టర్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ హెవీ వెపన్లు పట్టేది తల నెరిసిన లాంగ్ ఫాంగ్స్.

కేయాస్ సైన్యంలో ఇలాంటి స్క్వాడే అయిన హావొక్స్ ఆడేవాళ్ళకీ ఈ సూత్రమే వర్తిస్తుంది. ఆస్ట్రా మిలిటారమ్ అనే మామూలు మనుషుల సైన్యంలోని హెవీ వెపన్స్ స్క్వాడ్ ఆడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళ మోర్టార్ శత్రువు కనపడకపోయినా గోడ వెనక నుంచి కాలుస్తుంది, లాస్‌కానన్‌కి టార్గెట్ కనపడి తీరాలి. ఆ రెండింటినీ ఒకే స్క్వాడ్‌లో పెడితే ఏదో ఒకటి ఆట మొత్తం ఊరికే కూర్చుంటుంది. ఆ స్క్వాడ్‌లో ఉండే మూడు టీములకీ మోర్టార్లే ఇచ్చి, మీ వైపు ఉన్న అబ్జెక్టివ్ (పట్టుకుని ఉంచాల్సిన గుర్తు) పక్కన గోడ చాటున పెట్టేయండి.