ప్రేమవిందులో గరిటె ఎవరి చేతిలో ఉంది?

(టేబుల్ మీద రెండు గ్లాసులు. ఒకటి స్టీలుది, ఒకటి పేపర్ కప్పు. మనిషి కనపడడు, గొంతు మాత్రమే.)

అందరికీ వందనాలు. ఈ స్టీలు గ్లాసు మా ఇంట్లోది. ఈ పేపర్ కప్పు పోయిన నెల ఒక ఇంట్లో ప్రార్థన కూడికకి వెళ్ళినప్పుడు టీ పోసి ఇచ్చింది, కడిగి దాచుకున్నాను. ఆ ఇంట్లో స్టీలు గ్లాసులు లేవా అంటే ఉన్నాయి, వంటగట్టు మీద వరసగా బోర్లించి ఉన్నాయి, గుమ్మంలోంచే కనపడుతున్నాయి. మరి కప్పులెందుకంటే, మేం వాళ్ళ గ్లాసుల్లో తాగమేమోనని వాళ్ళే ముందు రోజు షాపుకెళ్ళి ప్యాకెట్ కొనుక్కొచ్చి పెట్టుకున్నారు. మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని.

(కెమెరా ముందుకి వచ్చి కూర్చుంటాడు.)

మాది రాజాం దగ్గర ఒక ఊరు. మాలవాళ్ళం, మూడు తరాలుగా బాప్టిస్టు క్రైస్తవులం. ఆ ఇల్లు రెల్లివాళ్ళది. వాళ్ళూ మాలాగే ఎస్సీలే, కానీ మావాళ్ళు తమకంటే తక్కువగా చూసే కులం. ఆవిడ టౌన్లో పారిశుధ్యం పని చేస్తారు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి వెళ్ళిపోతారు. రెండేళ్ళుగా మా సంఘానికి, అంటే మా చర్చికి, వస్తున్నారు. ఆ రోజు కూడికలో "క్రీస్తునందు మేమందరం ఒకే శరీరం ప్రభువా" అని చక్కటి ప్రార్థన జరిగింది, అందరం ఆమేన్ అన్నాం, తర్వాత టీ ట్రే వచ్చింది. వచ్చీరాగానే మా అమ్మ "నాకీ రోజు ఉపవాసం అమ్మా" అంది. పొద్దున్న నాతో కూర్చుని ఇడ్లీ తిని వచ్చిన మనిషి! పక్కనున్న ఆంటీకి అప్పటికప్పుడు షుగర్ గుర్తొచ్చింది. బిస్కెట్లు మాత్రం అందరూ తీసుకున్నారు, ఎందుకంటే ప్యాకెట్‌కి సీలుంది, మా చేత్తోనే చింపాం.

నేను తాగాను. గొప్పకి చెప్పట్లేదు, అంతకుముందు ఆ ఇంటికి ఎన్నిసార్లు రమ్మన్నా ఏదో పని చెప్పి తప్పించుకున్నవాణ్ణే.

2020 మే నెలలో అమెరికాలో, మినియాపొలిస్‌లో, ఒక పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి ఊపిరాడక చనిపోయినప్పుడు మా యూత్ గ్రూపులో అందరం స్టేటస్‌లు పెట్టాం. "నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి" అని ఆమోసు వాక్యం. పెట్టాల్సిందే, తప్పేం లేదు. కానీ ఆ గ్రూపులో మా ఊరి రెల్లివీధిలో ఒక ముద్ద తిన్నవాడు ఒక్కడూ లేడు. జాతుల మధ్య సమానత్వం, క్రైస్తవుడి బాధ్యత అనగానే మనకి సముద్రం అవతల దేశాలే గుర్తొస్తాయి. బైబిల్లో మాత్రం ఈ గొడవ అంతా అన్నం దగ్గరే.

(స్క్రీన్ మీద: గలతీయులకు 2:11-14)

అంతియొకయ సంఘంలో యూదులూ ఉన్నారు, మన బైబిలు భాషలో అన్యజనులూ, అంటే యూదులు కానివాళ్ళూ ఉన్నారు. యేసు శిష్యుడు పేతురు అక్కడికొచ్చి కొన్నాళ్ళు అందరితో కలిసి భోంచేశాడు. ఈయన అంతకుముందే యూదుడు కాని కొర్నేలి ఇంటికి వెళ్ళి తిని, ఆ విషయంలో యెరూషలేములో మాటలు పడి, జవాబు చెప్పుకున్న మనిషి. అలాంటివాడు యెరూషలేము సంఘం పెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు యూదులు రాగానే భయపడి, మెల్లగా వేరుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవర్నీ తిట్టలేదు, గెంటలేదు. పక్కకి జరిగాడంతే. ఆయన్ని చూసి మిగతా యూదులూ జరిగారు, చివరికి పౌలుతో కలిసి పనిచేసే బర్నబా కూడా జరిగాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు, మీరు సువార్త సత్యం చొప్పున నడవట్లేదని. గమనించారా, భోజనం దగ్గర పక్కకి జరగడాన్ని ఆయన మర్యాద తప్పడంగా చూడలేదు, సువార్తనే తప్పడంగా చూశాడు. మా అమ్మ ఉపవాసం ఏ లెక్కలోకి వస్తుందో మీరే ఆలోచించుకోండి.

కొరింథులో ఇంకో రకం. ప్రభువు బల్ల దగ్గరే, అంటే యేసుని తలుచుకుంటూ కలిసి తినే భోజనం దగ్గరే, డబ్బున్నవాళ్ళు ముందు తినేసేవారు, పనులు ముగించుకుని ఆలస్యంగా వచ్చేవాళ్ళకి ఆకలే మిగిలేది అంటారు వ్యాఖ్యానం రాసినవాళ్ళు. మొదటి కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయం, ఇంటికెళ్ళి చదవండి.

నాకు అన్నిటికంటే నచ్చింది అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేములో రోజూ పేద విధవరాళ్ళకి సంఘం భోజనం పెట్టేది. అందులో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాళ్ళకి సరిగ్గా అందట్లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు, అంటే సంఘాన్ని నడిపించే యేసు శిష్యులు, "అందరూ ప్రేమగా ఉండండి" అని ఒక ప్రసంగం చేసి ఊరుకోవచ్చు, మనవాళ్ళయితే అదే చేస్తారు. వాళ్ళు ఏడుగుర్ని ఎంచుకోమన్నారు. ఆ పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరిగిందో ఆ వైపువాళ్ళ చేతికే గరిటె ఇచ్చేశారు.

(ఒక్క క్షణం ఆగి.)

ఇప్పుడు మా సంఘం క్రిస్మస్ ప్రేమవిందు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనం సంగతి చెప్తాను. పోయినసారి ఆ రెల్లి అక్క వంట దగ్గర లేరు, వడ్డన దగ్గర లేరు. అందరం తిన్నాక ఎంగిలి విస్తళ్ళు ఎత్తుతూ కనిపించారు. ఎవరూ ఎత్తమని చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

సరే, కులం హిందూ సమాజం నుంచి వచ్చింది, చర్చికి సంబంధం లేదు అంటారా? మన దేశంలో చర్చి లోపల కులం కూర్చుని చాలా కాలమైంది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాలకి ఉత్తరం రాశాడు, సంఘంలో కులం ఉండటానికి వీల్లేదు అని. అంతదాకా తమిళనాట కొన్ని చర్చిల్లో కులానికొక వైపు కూర్చోవడం, ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షారసం గిన్నె కూడా ముందు పెద్ద కులాలకి, తర్వాత మిగతావాళ్ళకి. ఆ ఉత్తరానికి కోపం వచ్చి చర్చి వదిలిపోయినవాళ్ళూ ఉన్నారు.

మన తెలుగువైపు ఒంగోలు కథ ఇంకోలా ఉంటుంది. 1860ల్లో మాదిగలు బాప్తిస్మం కోసం వస్తుంటే పెద్ద కులాలవాళ్ళు జాన్ క్లౌ అనే మిషనరీతో, వాళ్ళని చేర్చుకుంటే మేం రాం అన్నారు. ఆయన ఒక గదిలో, భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని ఆయనే రాసుకున్నారు. మొదటి కొరింథీయులకు 1:26, మీలో ఘనులు, గొప్ప వంశంవాళ్ళు ఎక్కువమంది పిలవబడలేదు కదా అనే మాట. ఆయన మాదిగలవైపే ఉండిపోయారు. మన శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం వైపు ఎక్కువగా పనిచేసింది కెనడా బాప్టిస్టులు. బడులు పెట్టారు, ఆసుపత్రులు పెట్టారు, మా తాతకి అక్షరం వచ్చింది ఆ పుణ్యమే. కానీ సంఘాలు వాడల్లో పుట్టాయి. వాడంటేనే ఒక కులం. అందుకని చాలా చోట్ల పక్క కులంవాళ్ళ పక్కన కూర్చోవాల్సిన అవసరమే మనకి రాలేదు, మనం సమానత్వం ఉన్నవాళ్ళమనే అనుకుంటూ వచ్చాం.

(పాత నలుపు తెలుపు ఫోటో: లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాళ్ళు.)

అమెరికాలో కూడా తిండి దగ్గరే కదా తేలింది. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో ఊళ్ళో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్త్ షాపు లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. పొయ్యలేదు. వాళ్ళు లేవలేదు, మర్నాడు ఇంకొంతమందిని తీసుకొచ్చారు. జులైకల్లా ఆ కౌంటరే దిగొచ్చింది. మూడేళ్ళ తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైల్లోంచి ఉత్తరం రాసింది ఎవరికనుకుంటున్నారు? కాస్త ఓపిక పట్టండి అని సలహా ఇచ్చిన ఎనిమిదిమంది తెల్ల మతపెద్దలకి. ఆయనే 1959లో ఇండియా వచ్చినప్పుడు తిరువనంతపురం దగ్గర ఒక స్కూల్లో పిల్లలకి ఆయన్ని పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన మీలాంటి అంటరానివాడు అన్నారట. మొదట కోపమొచ్చిందనీ, తర్వాత ఆలోచిస్తే నిజమేననిపించిందనీ ఆయనే తర్వాత ప్రసంగంలో చెప్పారు.

ఇంకో మాట, రిజర్వేషన్ గురించి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు, క్రైస్తవులకి లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైన మనల్ని వెనకబడిన కులాల్లో సీ గ్రూపులో (బీసీ-సీ) పెట్టారు, రిజర్వేషన్ 1 శాతం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన టీ కొట్టువాడు గ్లాసు మార్చడు కదా, ఆ అన్యాయం మీద మనం ధర్నాలు చేస్తాం, చెయ్యాలి. కానీ కులం పోలేదు అని ప్రభుత్వం ముందు వాదించే మనమే, ఆదివారం మాత్రం మాలో కులం లేదంటాం.

(జలాశయం కట్ట, వెనక పొలాలు.)

ఇది మడ్డువలస. దీని పక్కనే లక్ష్మీపేట. 2012 జూన్ 12న అక్కడ ఐదుగురు దళితుల్ని చంపేశారు. రిజర్వాయర్ కోసం సేకరించగా మిగిలిన భూమిని దళితులు సాగుచేసుకోవడం మీద గొడవ. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. నేనప్పుడు ఇంటర్. ఆ ఆదివారం మా చర్చిలో "ప్రాంతంలో శాంతి కొరకు" ప్రార్థించారు, ఊరి పేరెత్తలేదు, భూమి మాటెత్తలేదు. చేలు కోసినవాళ్ళకి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర్రపెడుతోందని యాకోబు పత్రిక 5:4లో ఉంది కదా. కూలి మాట, భూమి మాట ప్రసంగంలోకి రాకపోతే మనం పక్కపక్కన కూర్చుని బిర్యానీ తిన్నా అది సగమే. ఆ సగం కూడా మా దగ్గర లేదు, అది వేరే సంగతి.

పోయిన వారం కమిటీలో అన్నాను, ఈ క్రిస్మస్‌కి ఆ అక్క వడ్డించాలని. కాసేపు ఫ్యాను చప్పుడే. ఒక పెద్దాయన "మాకేటి అభ్యంతరం బాబూ, ఆవిడే ఒప్పుకోదు" అన్నారు. సరేనని వెళ్ళి ఆవిడనే అడిగాను. చీపురు పక్కన పెట్టి నా మొహంలోకి చూసి, "నాను ఒడ్డిస్తే ఎందరు తింతారు బాబూ, పేర్లు సెప్పు" అన్నారు.

అప్పట్నుంచి పేర్లు రాస్తున్నాను. పదకొండయ్యాయి, పాస్టరు గారితో కలిపి. మా అమ్మ పేరు ఇంకా రాయలేదు. ఈ వీడియో ముందుగా ఆవిడకే చూపించాను, ఇడ్లీ సంగతి తీసేస్తే అప్పుడు రాసుకోమంది.

తియ్యలేదు.